ఊహపెట్టెలో టప్ శబ్దం

చంద్రుడి మీద కౌముది పట్టణంలో పొద్దున్నే క్యాంటీన్‌కి వెళితే, ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని భూమ్మీది వాళ్లతో దెబ్బలాడుతున్న జనం కనిపిస్తారు. ఒకాయన నెల్లూరులో ఉన్న తమ్ముడితో పాస్‌వర్డ్ ఎందుకు మార్చావని గొడవ పడుతుంటాడు. ఒకావిడ కర్నూలులో ఉన్న చెల్లెలి చేత మాగాయ పాళ్లు చెప్పించుకుంటూ, చెప్పిన ప్రతిదాన్నీ కాదంటూ ఉంటుంది. మాటకు మాట చప్పున వచ్చేస్తుంది. మధ్యలో మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్ల దూరం ఉందంటే ఎవరూ నమ్మరు.

2093 నాటి ఈ సుఖం అంతకు ముందు తరం వాళ్లకి లేదు. రేడియో తరంగం ఎంత పరుగెత్తినా చంద్రుడి నుంచి భూమికి చేరడానికి సెకను పైచిలుకు పడుతుంది. ప్రశ్న వెళ్లి జవాబు రావాలంటే రెండున్నర సెకన్లు. ఇంజనీర్లు దీన్ని లేటెన్సీ అన్నారు, కౌముది జనం తాత్సారం అన్నారు. రెండున్నర సెకన్లే కదా అని మనకు అనిపిస్తుంది గానీ, ఆ కాలపు భార్యాభర్తల్ని అడగాలి. ‘నా మీద కోపమా’ అని అడిగి, ‘లేదు’ అనే మాట కోసం రెండున్నర సెకన్లు కూర్చోవడం సామాన్యమైన విషయం కాదు. జోకు వేసినవాడు నవ్వు కోసం చూసి చూసి, అవతల నవ్వు బయల్దేరేసరికి సంజాయిషీ మొదలెట్టేవాడు. ఇక తగవులు అసలు కుదిరేవే కావు. తిట్టు వెళ్లి ఎదురుతిట్టు వచ్చేలోగా కోపం చల్లారిపోయేది.

ఊహాశ్రవణి వచ్చి ఆ బాధ తీర్చింది. జనం దాన్ని ఊహపెట్టె అంటారు. చూడడానికి మామూలు లాప్‌టాపే. ఒళ్లో పెట్టుకుంటే మాత్రం, చంద్రుడి మీది తక్కువ ఆకర్షణలో తుమ్మినప్పుడల్లా ఎగిరిపడుతుంది కనుక బల్లకు బిగించి వాడతారు. అది అవతలి మనిషి మాటల్ని ఆరు వారాలపాటు విని, ఒక మాటనమూనా తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత మీరు ఏదైనా అడగ్గానే, అవతలివాళ్లు ఏమంటారో ఊహించి, వాళ్ల గొంతుతోనే జవాబు చెప్పేస్తుంది. అసలు జవాబు రెండున్నర సెకన్లకు వచ్చి చేరుతుంది. రెండూ ఒకటైతే గొడవే లేదు. నూటికి తొంభై ఆరుసార్లు ఒకటే అవుతాయి కూడా. మనుషులు తాము అనుకున్నంత కొత్తగా ఏమీ మాట్లాడరని ఈ యంత్రం వల్లే లోకానికి తెలిసింది.

ఊహ తప్పితే మాత్రం పెట్టె సంభాషణలో ఒక సందు చూసుకుని, అందులో అసలు మాటను తెచ్చి అతుకుతుంది. అతికిన చోట స్పీకరులో టప్‌మని ఒక చప్పుడు వస్తుంది. దాన్ని సవరణ శబ్దం అంటారు.

ఆ టప్ శబ్దాలు పోగొట్టడమే వైజయంతి వృత్తి. ఊరి బయటికి వెళ్లే మూడో నంబరు గాలితలుపు పక్కన ఆమెకు చిన్న మరమ్మతు కొట్టు ఉంది. ముప్పై ఐదేళ్ల మనిషి, చేతి చురుకు ఎక్కువ, నోటి చురుకు అంతకంటే ఎక్కువ. ఎదుటివాళ్లు సగం చెప్పగానే మిగతా సగం తానే చెప్పేసి, దానికి జవాబు కూడా చెప్పేసే రకం. ఆమె సొంత ఊహపెట్టె కొట్టు ముందు బల్ల మీద, అందరికీ కనబడేలా ఉంటుంది. దాని మీద ఒక అట్టముక్క: ‘నాలుగేళ్లుగా ఒక్క టప్ లేదు’. బందరులో పడవలు నడపడం నేర్పే భర్త సుధన్వతో ఆమె రోజూ మాట్లాడేది దాన్లోనే. అది కొట్టుకు ప్రచారం, ఆమెకు గర్వం.

ఒక గురువారం నాంచారమ్మ తన లాప్‌టాప్‌ను గుడ్డసంచీలో పెట్టుకుని కొట్లోకి వచ్చింది. ఆ రోజుల్లో పాత పేర్లు మళ్లీ ఫ్యాషనయ్యాయి కాబట్టి నాంచారమ్మ అంటే నాజూకైన పేరు కిందే లెక్క. కౌముది ఆకుకూరల తోటకు ఆవిడే పెద్ద. మూడేళ్ల కిందట ఈ ఉద్యోగానికి వచ్చేదాకా, పామర్రు చుట్టుపక్కల ఇరవై ఎనిమిదేళ్లు బుర్రకథ చెప్పింది.

బుర్రకథకు ముగ్గురుండాలి. మధ్యలో తంబురా పట్టుకుని కథ చెప్పే మనిషి, అటూ ఇటూ గుమ్మెట్లు వాయించే ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చూసుకుంటాడు. రెండోవాడు ‘తందాన తాన’ అంటూ, ‘అలాగా’, ‘ఆపైన ఏమైంది’ అంటూ కథను ముందుకు నెడతాడు. నాంచారమ్మ వంతలిద్దరూ పామర్రులోనే ఉన్నారు. హాస్యం పిచ్చయ్యది, తందాన ఏసోబుది. ఆవిడ ఇక్కడా వాళ్లక్కడా ఉండి, ముగ్గురూ ఒకే అరుగు మీద ఉన్నట్టు కథ చెప్పగలుగుతున్నారంటే ఊహపెట్టె చలవే.

“అమ్మాయ్, ఇది టప్‌టప్‌మంటోందే. ఆదివారం కౌముది పుట్టినరోజుకి నా కథ ఉంది. అసలేమైందంటే మొన్న రిహార్సల్లో–”

“చిటపటా, టప్పా?” అని వైజయంతి మధ్యలోనే సంచీ విప్పింది.

“చిటపట కొంచెం, టప్ ఎక్కువ. అది కాదు నే చెప్పేది. రిహార్సల్లో అది టప్‌మనగానే ముందు వరుసలో వాళ్లు లేచి గాలిముసుగులు తగిలించుకున్నారు.”

వైజయంతి చెయ్యి ఆగింది. ఊరి మీది గుమ్మటానికి ఎక్కడన్నా చిల్లు పడితే మొదట వినపడేది సరిగ్గా అలాంటి చప్పుడే. కౌముదిలో పుట్టిన పసిపిల్ల కూడా ఆ చప్పుడు వింటే ముసుగు వైపు చూస్తుంది. వెయ్యిమంది కూర్చున్న హాల్లో పెద్ద స్పీకర్ల నుంచి అలా టప్‌మంటే తొక్కిసలాటే.

“కామేశంగారు తీర్మానించేశారు,” అంది నాంచారమ్మ. కామేశం ఉత్సవ కమిటీ కార్యదర్శి. “ఆ చప్పుడు ఎవరి మూలంగా వస్తోందో తేల్చమన్నారు. వాళ్ల లైను తీసేసి, వాళ్ల వంతు పెట్టె ఊహించిందే వినిపిస్తే సరిపోతుందిట. ముప్పై ఒక్క ఏళ్లుగా నా పక్కనున్న మనిషిని తీసేసి, వాడి బదులు ఈ పెట్టెని పెట్టుకోవాలిట. నువ్వు ఇది బాగుచెయ్యకపోతే నాకు ఒక భుజం పోయినట్టే.”

“మీ పిచ్చయ్యగారి మూలంగానే అయ్యుంటుంది. జోకులు కదా, పెట్టె ఎక్కడ ఊహిస్తుంది,” అంది వైజయంతి. “కూర్చోండి పిన్నీ. ముందు దీని సంగతి చూద్దాం.”

లాప్‌టాప్‌ను బల్లకు బిగించి, పరీక్షా విధానంలో పెట్టింది.

“నమస్కారం,” అంది పెట్టె. “దయచేసి సమస్యను–”

“టప్ శబ్దాలు. బఫర్ ఎంత ఉంది?”

“రెండువందల యాభై ఆరు. అయితే దీనికి ముందు ఒక విషయం–”

“రెట్టింపు చెయ్యి.”

బఫర్ అంటే ధ్వనిని స్పీకరుకు పంపే ముందు కాసేపు నిలవుంచే తొట్టి. తొట్టి మరీ చిన్నదైతే ధార మధ్యలో తెగి చిటపటలు వస్తాయి. మరీ పెద్దదైతే ధార తెగదు గానీ, చేరడం ఆలస్యమవుతుంది. ధ్వని మరమ్మతు చేసేవాళ్ల బతుకంతా ఈ రెంటి మధ్యే. వైజయంతి బఫర్ పెంచింది. పామర్రు వైపు పెట్టె సెకనుకు నలభై నాలుగు వేల వంద ధ్వని నమూనాలు తీస్తుంటే, ఇటువైపు పెట్టె నలభై ఎనిమిది వేలు తీస్తోందని కనిపెట్టి, రెంటినీ ఒకటి చేసింది. కరెంటు ఆదా చెయ్యాలని మధ్యమధ్య కునుకు తీస్తున్న ప్రాసెసర్‌ను మేలుకొలిపింది. వెనకాల ఎవరూ అడక్కుండా పనిచేస్తున్న పదకొండు ప్రోగ్రాములను ఆపేసింది. మైకు గొట్టంలోంచి చిటికెడు చంద్రధూళి ఊదేసింది. నాంచారమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇదంతా గౌరవంగా చూసింది.

“ఇప్పుడు పాడండి.”

పామర్రుకు లైను కలిపారు. నాంచారమ్మ తన కొత్త కథ ఎత్తుకుంది. ఆవిడే కట్టిన గోంగూర కథ అది. కౌముది కట్టిన మొదటి ఏడు, సత్యవేదమ్మ అనే వంటమనిషి, భూమి నుంచి విత్తనం తేకూడదన్న నిబంధన ఉన్నా, గుప్పెడు గోంగూర గింజల్ని జాకెట్టు అంచులో కుట్టుకుని వచ్చేసింది. తనిఖీ ఆఫీసరు కళ్లు కప్పి, పంపుగది వెనకాల డబ్బాలో వాటిని మొలిపించింది. ఇవాళ కౌముదిలో తింటున్న ప్రతి ఆకూ ఆ తల్లి పుణ్యమే.

చిటపటలు పూర్తిగా పోయాయి. గుమ్మెట్లు గుండ్రంగా మోగాయి. “తందాన తాన” అని రెండు గొంతులూ ఒక్క క్షణం ఆలస్యం లేకుండా అందుకున్నాయి. వైజయంతి చేతులు దులుపుకోబోతుండగా, టప్. సత్యవేదమ్మ నీళ్ల కష్టం ముగిసేలోగా మరో రెండు వచ్చినా, గుమ్మెట మోతలో అవి ఏ వంత మాటకు వచ్చాయో తెలియలేదు.

“అది నేనేలే అమ్మాయ్,” అని పామర్రు నుంచి పిచ్చయ్య గొంతు సంతోషంగా వినిపించింది. “నా జోకులు యంత్రాలకి అందవు. కిందటేడు కూడా ఒక ఇంజనీరు ఇదే మాటన్నాడు. నన్ను తీసేస్తారని అక్క బెంగపెట్టుకుంది గానీ, నాకైతే గొప్పగానే ఉంది. తీసేస్తే తీసెయ్యండి, కారణం మాత్రం మైకులో చెప్పండి.”

“తేల్చేద్దాం,” అని వైజయంతి సవరణ చిట్టా తెరిపించింది. “ఈ వారం మొత్తం సవరణలు ఎన్ని? పిచ్చయ్యగారివి ఎన్ని?”

“మొత్తం నలభై మూడు,” అంది పెట్టె. “పిచ్చయ్యగారు చెప్పిన జోకులు నూట ఇరవై ఆరు. సవరణలు సున్నా.”

వైజయంతి ఆ అంకె మరోసారి సరిచూసుకుంది.

“సున్నా ఏంటి?” అన్నాడు పిచ్చయ్య.

“మీ జోకులు నేను ముందే ఊహించగలుగుతున్నాను,” అంది పెట్టె మర్యాదగా. “దగ్గుతో సహా.”

నాంచారమ్మకి నవ్వొచ్చింది గానీ, తమ్ముడిలాంటివాడు చిన్నబుచ్చుకుంటాడని పెదవి బిగపట్టుకుంది. వెంటనే ఆ నవ్వు కూడా పోయింది. పిచ్చయ్య కాకపోతే మిగిలింది ఒక్కడే.

“నలభై మూడూ ఏసోబుగారివి,” అంది పెట్టె.

ఏసోబు అంతవరకూ నోరే మెదపలేదు. ఆయనెప్పుడూ అంతే. రెండెకరాల్లో మినుము వేసుకుని, కథ ఉన్నరోజు గుమ్మెట తుడుచుకుని వచ్చి కూర్చుంటాడు. ఆయన పేరు పోస్టర్లలో చిన్నక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

“నా మూలంగా అయితే నన్ను తీసెయ్యక్కా,” అన్నాడాయన నెమ్మదిగా. “తందానే గదా. అది పెట్టె కూడా అంటుంది. నీ కథ పాడవకూడదు.”

నాంచారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చంద్రుడి మీద కన్నీళ్లు చప్పున కిందికి జారవు. కంటి దగ్గరే ఉండిపోతాయి కనుక దాచుకోవడం కష్టం.

శుక్రవారం కామేశం హాల్లో ఏసోబు లైను మూసేసి రిహార్సల్ పెట్టించాడు. గంటన్నర కథలో ఒక్క టప్ లేదు. ఏసోబు గొంతుతో పెట్టె అన్న ప్రతి తందానా సరైన తాళంలో, సరైన శ్రుతిలో పడింది. కామేశం చప్పట్లు కొట్టాడు. కానీ గంటన్నర కథ గంటా పది నిమిషాలకే అయిపోయింది. నాంచారమ్మ తంబురా దించేసి, గోడకు చేరగిలబడింది.

“ఏమిటోనమ్మా, ఎవరికి చెప్తున్నానో తెలియలేదు,” అంది వైజయంతితో. “గొంతు బాగానే ఉంది. మాటలే రావట్లా.”

వైజయంతి హాలు మెట్ల మీద కూర్చుని లెక్క చూసింది. ఇరవై నిమిషాల కథ ఏమైనట్టు? నిన్న తన కొట్లో విన్నది గుర్తుచేసుకుంది.

“పిన్నీ, నిన్న సత్యవేదమ్మ తన వాటా తాగేనీళ్లలో సగం గోంగూరకు పోసిందని చెప్పారు. దాహానికి తట్టుకోలేక రాత్రిళ్లు తడిగుడ్డ నోట్లో పెట్టుకునేదని చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. ఇవాళ ఆ ముక్కే లేదు, ఏం?”

నాంచారమ్మ కాసేపు ఆలోచించింది. “ఎవరూ అడగలేదు గదా,” అంది.

ఆ మాటతో వైజయంతి లేచి, చిట్టాలోని నలభై మూడు సవరణల్నీ ఒకదాని తర్వాత ఒకటి వినిపించమంది. పెట్టె ముందు తన ఊహను, ఆ వెనక ఏసోబు అసలు మాటను వినిపిస్తూ పోయింది.

“తందాన తాన,” అని పెట్టె. “డబ్బా సరే, మరి నీళ్లెక్కడివే అక్కా?” అని ఏసోబు.

“తందాన తాన,” అని పెట్టె. “అయ్యో, పిల్ల మొక్క,” అని ఏసోబు.

“ఔనౌను,” అని పెట్టె. “ఆగాగు, జాకెట్టు ఉతికినప్పుడు గింజలు తడవలేదా?” అని ఏసోబు.

నలభై మూడూ అంతే. ఆయన మినుము పండించే మనిషి. నీళ్ల సంగతి తేలందే ఆయనకు మొక్క మొలవదు. ఆయన అడిగినప్పుడల్లా నాంచారమ్మ ఒక్క క్షణం ఆగి, అప్పటికప్పుడు జవాబు కట్టింది. ఆ జవాబులన్నీ కలిసే కథ. జనాన్ని నవ్వించే పిచ్చయ్యను పెట్టె ఆరు వారాల్లో కంఠతా పట్టేసింది. ‘ఊఁ’ కొట్టేవాడు మాత్రం దానికి అందలేదు. ఎందుకంటే ఆయన నిజంగా వింటున్నాడు. వినే మనిషి తరవాత ఏమంటాడో వినేదాకా ఆయనకే తెలియదు.

“ఏసోబుగారూ, ముప్పై ఒక్క ఏళ్లుగా ఇలాగే అడుగుతున్నారా?” అంది వైజయంతి లైను కలిపి.

“ఏం చెయ్యనమ్మా,” అన్నాడాయన తప్పు చేసినట్టు. “అక్క చెప్తుంటే కథలోకి వెళ్లిపోతాను. తందాన అనాలని గుర్తుండదు.”

“నిన్న కొట్లో నేను చెప్పబోయింది ఇదే,” అంది పెట్టె. “సవరణ పడాలంటే రెండు కావాలి. అవతల కొత్త మాట ఒకటి, ఇవతల దానికి సందు. నాంచారమ్మగారు వంత కోసం ఆగుతారు కనుక సందు దొరికింది. సందే దొరకకపోతే–”

“సరేసరే, తెలిసింది,” అని వైజయంతి లాప్‌టాప్ మూసేసి కామేశం దగ్గరకు పరుగెత్తింది.

ఏసోబు లైను ఉంచడానికి కామేశం ఒక పట్టాన ఒప్పుకోలేదు. పాపం ఆయన భయం ఆయనది. చివరికి నాంచారమ్మే తేల్చింది. “ఏసోబు లేకపోతే నాకు కథ లేదు. మీ ఇష్టం. ముసుగుల సంగతి నేను చూసుకుంటా.”

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. నాంచారమ్మ గజ్జెలు కట్టుకుని, తంబురా భుజానికెత్తుకుని ముందు ఒక్క మాట చెప్పింది. “అమ్మలారా, అయ్యలారా, మధ్యమధ్య స్పీకరు టప్‌మంటుంది. అది గాలి కాదు. అది మా ఏసోబు. పామర్రులో కూర్చుని మీ ఊరి కథ వింటున్నాడు.”

మొదటి టప్‌కి కొన్ని చేతులు అలవాటుగా ముసుగుల మీదికి వెళ్లి, సిగ్గుపడి వెనక్కి వచ్చాయి. రెండో దానికి పిల్లలు కిసుక్కుమన్నారు. నీళ్ల ఘట్టం వచ్చేసరికి, టప్‌మనగానే హాలంతా ఊపిరి బిగపట్టి, ఆయనేం అడుగుతాడా అని చెవులు నిక్కించడం మొదలెట్టింది. తనిఖీ ఆఫీసరు గోంగూర డబ్బాను కనిపెట్టి, సత్యవేదమ్మను చెడామడా తిట్టి, ఏం చెయ్యాలో తోచక అక్కడే నిలబడ్డ చోట మళ్లీ టప్‌మంది.

“అది సరేగానీ అక్కా, ఇంతకీ ఆయన గోంగూర తిన్నాడా?”

అది ఏ రిహార్సల్లోనూ లేదు. నాంచారమ్మ తంబురా మీద వేలు ఆపి, హాలు మొత్తాన్ని ఒకసారి చూసి, తాపీగా చెప్పింది. “తిన్నాడు నాయనా. ముద్ద పప్పుతో కలిపి పెడితే తిన్నాడు. రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు. మర్నాడు నిబంధన కొట్టేశాడు.”

హాలు దద్దరిల్లిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏసోబు మాటకి జనం నవ్వడం అదే మొదలు. పిచ్చయ్య కాసేపు అలిగి, ఆ ఉక్రోషంలో ఎన్నడూ వేయని కొత్త జోకొకటి వేశాడు. అది బాగోలేదు, కానీ టప్‌మంది. కథ అయ్యేదాకా ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మర్నాడు సోమవారం వైజయంతి కొట్టు ముందు బారులు తీరిన జనం. టప్ పోగొట్టమని కాదు.

“మా పెట్టె టప్‌మనడం లేదమ్మా,” అన్నాడు మొదటివాడు దిగులుగా. “పెళ్లయి మూడేళ్లయింది. ఏదో లోపం ఉండే ఉంటుంది, చూడు.”

“మా అన్నయ్యది నెలకొకసారైనా అనేది, ఇప్పుడు పూర్తిగా మానేసింది,” అంది రెండో ఆవిడ. తరవాత నెల తిరక్కుండానే ఒక కంపెనీ, ఏ కారణమూ లేకుండా అప్పుడప్పుడు టప్‌మనే కొత్తరకం లాప్‌టాప్‌ను బజార్లోకి తెచ్చిందనీ, జనం ఎగబడి కొన్నారనీ చెబితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మనిషి మనిషే.

అందరినీ రేపు రమ్మని పంపించేసి, వైజయంతి తన పెట్టె వైపు చూసింది. ‘నాలుగేళ్లుగా ఒక్క టప్ లేదు’. నిన్నటిదాకా ముద్దొచ్చిన అట్టముక్క ఇవాళ వెక్కిరిస్తున్నట్టుంది. సుధన్వ మరీ అంత ఊహకందిపోయే మనిషా? కాకినాడలో చదువుకునే రోజుల్లో, వానలో గొడుగు తెచ్చి, అది ఆమెకివ్వకుండా ఆమె స్కూటరు సీటు మీద పట్టుకుని నిలబడ్డ మనిషి. పాపం వయసు మీద పడుతోందేమో అనుకుని జాలిపడింది కూడా.

“పరీక్షా విధానం. సుధన్వ లైను. నాలుగేళ్లలో సవరణలు?”

“సున్నా,” అంది ఆమె పెట్టె.

“అనుకున్నాను. అంటే నా మొగుడు–”

ఎందుకో అక్కడ ఆగింది. మొన్న నాంచారమ్మ పెట్టె చెబుతుంటే తాను మధ్యలో మూసేసిన వాక్యం గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక యంత్రాన్ని మాట పూర్తి చెయ్యనిద్దామనుకుంది.

“సందు దొరకకపోతే ఏమవుతుంది?” అని అడిగి, నోరు మూసుకుంది.

“సందు దొరకకపోతే సవరణను పారేస్తాను,” అంది పెట్టె. “అసలు జవాబు వచ్చేలోగానే వాడుకరి మళ్లీ మాట్లాడడం మొదలుపెడితే, నా ఊహ వారికి నచ్చిందని లెక్క. తరవాతి సారి కూడా అదే వినిపిస్తాను. మీ లైనులో పారేసినవి పంతొమ్మిది వందల పన్నెండు.”

“అవి వినిపించు.”

“దాచలేదు. లెక్క మాత్రం ఉంది.”

సుధన్వలో కాదు లోపం. పెట్టెలోనూ కాదు. నాలుగేళ్లపాటు ఆమె ఒక్కసారైనా రెండున్నర సెకన్లు ఊరుకోలేదు. పెట్టె భర్త మాటల్ని నేర్చుకోవడం ఎప్పుడో మానేసి, ఆమె వినదలచుకున్నదేమిటో నేర్చుకుంది.

మధ్యాహ్నం మామూలు వేళకు లైను కలిపింది.

“తిన్నావా?”

“ఆఁ, తిన్నా. నువ్వు?” అని సుధన్వ గొంతు వెంటనే వచ్చింది. రోజూ వచ్చే జవాబే. ‘నేనూ తిన్నా, విను, ఇవాళ కొట్లో ఏమైందంటే’ అని ఆమె నాలుక దాకా వచ్చింది. పళ్లు బిగించి పట్టుకుంది. ఒకటి. రెండు.

టప్.

“లేదు. సోమవారం గదా, ఉపవాసం,” అన్నాడు సుధన్వ. “నాలుగేళ్ల నుంచి ప్రతి సోమవారం చెప్తూనే ఉన్నా. నువ్వు ‘నేనూ తిన్నా’ అంటావు. సరే, మా ఆవిడ తిందిగా చాలు అనుకుంటా.”

వైజయంతికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “ఇంకేం చెప్పావు నాకు? నేను వినకుండా పోయినవి?” అంది.

“ఏం లేదులే,” అన్నాడు సుధన్వ. కాదు, పెట్టె అంది. ఇప్పుడు ఆమెకు ఆ తేడా తెలుసు. ఆగింది.

టప్.

“అక్కడ పడవలు లేకపోయినా, మంచుగనిలో బళ్లు నడిపేవాళ్లు కావాలిట. నేను అక్కడికి వచ్చెయ్యనా అని అడిగాను. ఎన్నిసార్లో. అడిగిన ప్రతిసారీ నువ్వు ‘చూద్దాంలే’ అని మాట మార్చేశావు. ఇష్టం లేదేమోనని ఈమధ్య అడగడం తగ్గించాను.”

కొట్టు బయట ఎవరో పిలుస్తున్నారు. వైజయంతి అటు చూడలేదు.

“వచ్చెయ్,” అంది.

బందరులో సుధన్వ పెట్టె నాలుగేళ్లుగా ఆమె గొంతుతో ‘చూద్దాంలే’ అంటూ వచ్చింది. ఇప్పుడు అది ఎంత గట్టిగా టప్‌మందో ఇటు ఆమెకు వినపడలేదు. అవతల అతను మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. ఏదో ఒకటి ఊహించి చెప్పబోయిన పెట్టె స్పీకరును వైజయంతి అరచేత్తో మూసేసి, అట్టముక్కను తీసి సొరుగులో పడేసి, అతని మాట కోసం కూర్చుంది.